చిగుళ్ళ వ్యాధి బాక్టీరియాపై పరీక్ష: పెద్ద వలయం వచ్చినంత మాత్రాన క్లోర్‌హెక్సిడిన్ కంటే బలమైనదని రాయవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు చెబుతాను. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ మీద ఒక మొక్క సారాన్ని అగార్ బావుల పద్ధతిలో, అంటే అగార్‌లో చేసిన రంధ్రాల్లో మందు పోసి చుట్టూ పెరుగుదల ఆగిన వలయాన్ని కొలిచే పద్ధతిలో, పరీక్షించారు. రక్తం కలిపిన మ్యూలర్-హింటన్ అగార్ వాడి, ప్లేట్లను కొవ్వొత్తి జార్‌లో ఉంచి, 24 గంటల తర్వాత కొలతలు తీశారు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల గాఢతతో ఉన్న సారం చుట్టూ 18 మిల్లీమీటర్ల వలయమూ, పుక్కిలించే మందుగా వాడే క్లోర్‌హెక్సిడిన్ 0.2 శాతం ద్రావణం చుట్టూ 14 మిల్లీమీటర్ల వలయమూ వచ్చాయి. ఈ ఫలితంతో సారం క్లోర్‌హెక్సిడిన్ కంటే మెరుగైనదని థీసిస్‌లో రాయవచ్చా, లేకపోతే ఇంకా ఏమేమి చేయాలి అని అడిగారు.

రాయకూడదు. ఆ రెండు వలయాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వీలు లేదు. అంతకంటే ముఖ్యంగా, మీ ప్లేటులో పెరిగినది పోర్ఫిరోమోనాస్ అవునో కాదో కూడా నాకు అనుమానంగా ఉంది. వాయురహిత వాతావరణంలో కనిష్ఠ నిరోధక గాఢతను, అంటే ఎంఐసీని, కనిష్ఠ సంహారక గాఢతను, అంటే ఎంబీసీని కనుక్కొని, ఆ తర్వాత తక్కువ సమయపు స్పర్శలోనూ బయోఫిల్మ్ (బాక్టీరియా అతుక్కొని ఏర్పడే పాచి) మీదా ఆ సారం ఏం చేస్తుందో చూస్తే తప్ప మందుల మధ్య పోలిక నిలబడదు. నోటి సూక్ష్మజీవుల ప్రయోగశాలలో చాలా ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి, ఎక్కడెక్కడ కాలు జారుతుందో కొంత వివరంగా రాస్తున్నాను.

మొదట వలయం సంగతి చూద్దాం. వలయం కొలత బాక్టీరియా ఎంతగా చచ్చిందో చెప్పదు. మందు అగార్‌లో ఎంత దూరం పాకింది, ఆ పాకే వేగానికీ బాక్టీరియా పెరిగే వేగానికీ మధ్య పందెం ఎక్కడ ముగిసింది అన్నదే చెబుతుంది. క్లోర్‌హెక్సిడిన్ ధనావేశం గల అణువు. అగార్‌లోని ఋణావేశ సమూహాలకు అది అంటుకుపోతుంది కనుక బావి దాటి ఎక్కువ దూరం వెళ్ళలేదు. నీటిలో సులువుగా కరిగే చిన్న అణువులున్న సారం మాత్రం బలహీనమైనదైనా చకచకా పాకుతుంది. దీనికి పూర్తిగా ఎదురు పరిస్థితి సుగంధ తైలాలది. అవి నీటిలో కలవవు కాబట్టి, నిజంగా చంపగల తైలానికి కూడా ఒక్కోసారి వలయమే రాదు.

దీనికి తోడు మోతాదు లెక్క ఒకటి ఉంది. 0.2 శాతం అంటే మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు. మీ సారం 100 మిల్లీగ్రాములు. రెండు బావుల్లోనూ ఒకే పరిమాణం పోసి ఉంటే, క్లోర్‌హెక్సిడిన్‌కు 50 రెట్ల బరువున్న పదార్థంతో మీరు పోటీ పెట్టారన్నమాట. ఆ తేడాతో వచ్చింది 4 మిల్లీమీటర్ల ఆధిక్యం. పరీక్షకుడు నేనే అయితే మౌఖిక పరీక్షలో మొదటి ప్రశ్న ఇదే అడిగేవాణ్ణి.

పెరుగుదల వేగం కూడా లెక్కలోకి వస్తుంది. బావికి బదులు మందు పట్టించిన కాగితపు బిళ్ళ పెట్టే డిస్క్ పద్ధతి కొలతలన్నీ రాత్రికి రాత్రి పెరిగే బాక్టీరియా కోసం స్థిరపరచినవి. నెమ్మదిగా పెరిగే జీవి విషయంలో, అది కంటికి కనిపించే పొరగా ఏర్పడేలోపు మందుకు పాకడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. వలయం ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అందుకే వాయురహిత బాక్టీరియాకు సీఎల్‌ఎస్‌ఐ (ప్రయోగశాల ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ) డిస్క్ పద్ధతిని సిఫారసు చేయలేదు. అలాంటి యూరోపియన్ సంస్థ యూకాస్ట్ 2022లో ఒక డిస్క్ పద్ధతిని తెచ్చిన మాట నిజమే. అయితే అది ఫాస్టిడియస్ ఎనరోబ్ అగార్‌లో గుర్రపు రక్తం కలిపి, దాదాపు 18 గంటలకు చదివే పద్ధతి. బాక్టీరాయిడీస్, ప్రివోటెల్లా వంటి కొద్ది రకాలకే దానిని స్థిరపరిచారు, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ ఆ జాబితాలో లేదు.

ఇక నా అనుమానం సంగతి. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ ఆక్సిజన్‌ను భరించలేని జీవి. హీమిన్ (రక్తం నుంచి వచ్చే, ఇనుము ఉన్న పోషకం), విటమిన్ కె అందించిన మాధ్యమంలో కూడా దాని కాలనీలు సరిగా కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. కొవ్వొత్తి ఆరిపోయే సమయానికి జార్‌లో కార్బన్ డయాక్సైడ్ సుమారు 3 శాతానికి చేరుతుందేగాని, ఆక్సిజన్ ఇంకా 15 శాతానికి పైగానే మిగిలి ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను ఇష్టపడే మరో చిగుళ్ళ వ్యాధి బాక్టీరియా అగ్రిగాటిబాక్టర్ ఆక్టినోమైసెటెమ్‌కామిటాన్స్‌కు ఆ జార్ సరిపోవచ్చు, పోర్ఫిరోమోనాస్‌కు సరిపోదు. అలాంటి జార్‌లో 24 గంటల్లో ప్లేటు నిండా పెరిగిందంటే, పెరిగింది వేరే జీవి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఒకసారి ఒక విద్యార్థిని ఆరు నెలల ఫలితాలతో నా దగ్గరకు వచ్చారు. వలయాలు చక్కగా, అంచులు గీసినట్టుగా ఉన్నాయి. ఆ చక్కదనమే నాకు నచ్చలేదు. ప్లేటులోంచి ఒక కాలనీ తీసి గ్రామ్ స్టెయిన్ చేసి చూస్తే, ఊదారంగు గుండ్రని కణాలు ద్రాక్షగుత్తుల్లా కనిపించాయి. అది స్టెఫైలోకాకస్. మొదట తెచ్చిన కల్చర్ ఎప్పుడో చచ్చిపోయి, దాని స్థానంలో చర్మం మీద ఉండే బాక్టీరియా చేరి, తిరిగి తిరిగి సబ్‌కల్చర్ అవుతూ వచ్చింది.

పోర్ఫిరోమోనాస్ అయితే గ్రామ్ స్టెయిన్‌లో ఎర్రటి పొట్టి కడ్డీలుగా కనిపించాలి. రక్తపు అగార్ మీద మొదట లేత గోధుమరంగులో ఉన్న కాలనీలు వారం గడిచేసరికి నల్లబడాలి, ఆ నలుపు సాధారణంగా అంచు నుంచి మొదలై లోపలికి వ్యాపిస్తుంది. ప్రివోటెల్లా కూడా నల్లగానే మారుతుంది కాబట్టి, చీకటి గదిలో దీర్ఘతరంగ అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడండి. ప్రివోటెల్లా లేత కాలనీలు ఇటుకరంగులో మెరుస్తాయి, పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అలా మెరవదు. చివరగా, ప్రతి ప్లేటు నుంచీ ఒక గీత తీసి మామూలు గాలిలో పెంచండి. అక్కడ ఏదైనా పెరిగితే ఆ రోజు ఫలితాన్ని పక్కన పెట్టేయడం తప్ప వేరే దారి లేదు.

ఇప్పుడు చేయవలసిన పద్ధతి. వాయురహిత బాక్టీరియాకు సీఎల్‌ఎస్‌ఐ ప్రామాణికంగా తీసుకునేది అగార్ డైల్యూషన్. బ్రూసెల్లా అగార్‌లో మిల్లీలీటరుకు 5 మైక్రోగ్రాముల హీమిన్, 1 మైక్రోగ్రాము విటమిన్ కె1, 5 శాతం లైసిస్ చేసిన గొర్రె రక్తం కలిపి, మందును రెట్టింపు మెట్ల గాఢతల్లో ప్లేటుకొకటి చొప్పున పోసి, ప్రతి చుక్కలో సుమారు లక్ష కణాలు ఉండేలా బాక్టీరియాను పెట్టి, 42 నుంచి 48 గంటల తర్వాత చదవాలి. ఇక్కడ మందు అగార్ అంతటా ముందే కలిసి ఉంటుంది కనుక పాకడం అనే సమస్యే ఉండదు. సారం తక్కువగా దొరికేవారు పరిశోధన కోసం అదే పనిని చిన్న గుంతల్లో ద్రవ మాధ్యమంతో చేసే బ్రాత్ మైక్రోడైల్యూషన్ చేయవచ్చు, నేనూ ఎక్కువగా అదే చేస్తాను. కాని రంగు, మడ్డి ఉన్న సారాలకు కంటితో మసక చూసి ఎంఐసీ నిర్ణయించవద్దు. ప్రతి గుంత నుంచీ కొలిచిన చుక్కను అగార్ మీద వేసి, కాలనీలు లెక్కించి తేల్చుకోండి. రెజాజురిన్ వేసి రంగు మారడాన్ని చూడవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ రంగు ఆక్సిజన్ లేనిచోట తనంతట తానే వెలిసిపోతుంది, ఎనరోబిక్ జార్లలో దాన్ని సూచికగా వాడేదే అందుకు. అలాంటప్పుడు రంగు మార్చింది బాక్టీరియానా, జార్‌నా అన్నది తెలియదు.

ద్రవం మసకను బట్టి కణాల సంఖ్యను అంచనా వేసే మెక్‌ఫర్లాండ్ కొలమానంలో 0.5 అంటే మిల్లీలీటరుకు 15 కోట్ల కణాలు అని పుస్తకంలో ఉన్న లెక్క ఈ.కోలైకి సంబంధించినది. పోర్ఫిరోమోనాస్‌కు మీ స్ట్రెయిన్‌తో, మీ పరికరంతో ఒకసారి కాలనీలు లెక్కించి మీ సొంత పట్టిక తయారు చేసుకోండి. ప్రతి పరీక్షతోనూ బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్ ఏటీసీసీ (అమెరికాలోని కల్చర్ సేకరణ కేంద్రం) 25285ను గానీ, బాక్టీరాయిడీస్ థీటాయోటావోమైక్రాన్ ఏటీసీసీ 29741ను గానీ నాణ్యత నియంత్రణకు పెట్టండి.

మెట్రోనిడజోల్‌ను సాక్షిగా పెట్టుకోండి. మీ ప్రశ్నలో యాంటీబయాటిక్ ఏదీ లేదు, అయినా ఒక వరుసలో మెట్రోనిడజోల్ ఉండాలంటాను. బాక్టీరియా కణంలో ఆ మందు క్షయకరణం చెందితేనే పనిచేస్తుంది, ఆక్సిజన్ కాస్త ఉన్నా ఆ పని కుంటుపడుతుంది. అందుచేత పోర్ఫిరోమోనాస్‌కు మెట్రోనిడజోల్ ఎంఐసీ ఎక్కువగా వస్తే, నిరోధక శక్తి గల కొత్త స్ట్రెయిన్ దొరికిందని సంబరపడే ముందు జార్ మూత చూడాలి. మా దగ్గర ఒకసారి వరుసగా మూడు వారాలు అలాంటి ‘నిరోధక’ స్ట్రెయిన్లే వచ్చాయి. ఆక్సిజన్ లేనప్పుడు తెల్లబడే సూచిక పట్టీ తెల్లగానే ఉంది కాబట్టి జార్ మీద ఎవరికీ అనుమానం రాలేదు. తీరా చూస్తే, జార్‌లో ఆక్సిజన్‌ను తొలగించడానికి పెట్టే పల్లేడియం గుళికలు తేమ పట్టి ఉండటంతో ఆక్సిజన్ తొలగడానికి చాలా గంటలు పడుతోంది. పట్టీని మేం చూసింది రెండు రోజుల తర్వాత, అప్పటికి అది తెల్లబడింది. గుళికలను 160 డిగ్రీల వేడి ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెట్టాక ‘నిరోధకత’ మాయమైంది. ఈ జాతి బాక్టీరియా విడుదల చేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఆ గుళికలను పాడుచేస్తుంది కనుక, పని ఎక్కువగా ఉన్నచోట వాటిని తరచూ మార్చుకోవాలి. పట్టీని రెండో రోజు కాక, జార్ మూసిన కొన్ని గంటలకే చూసే అలవాటు నాకు అప్పటినుంచే వచ్చింది.

అజిత్రోమైసిన్ వంటి మందులు కూడా పరీక్షించేటట్లయితే, జార్‌లోని కార్బన్ డయాక్సైడ్ అగార్ ఆమ్లత్వాన్ని పెంచి వాటి ఎంఐసీని ఎక్కువ చేసి చూపిస్తుందన్నది గుర్తుంచుకుంటే చాలు.

మొక్కల సారాలతో నాకు ఎదురైన చిక్కుల్లో మూడింటిని చెబుతాను. మొదటిది ద్రావణి. డీఎంఎస్‌ఓ గానీ ఇథనాల్ గానీ వాడితే, అత్యధిక గాఢత గల గుంతలో ఆ ద్రావణి ఎంత ఉందో అంతే ద్రావణితో, సారం లేకుండా, ఒక వరుస తప్పనిసరిగా పెట్టాలి. డీఎంఎస్‌ఓను నేను 1 శాతం దాటనివ్వను. రెండోది పీహెచ్. నేను పరీక్షించిన ఒక పండు తొక్క సారం అద్భుతంగా పనిచేసింది. పీహెచ్ కొలిస్తే 4 కంటే తక్కువ ఉంది. దానిని 7.2కు సరిచేసి మళ్ళీ పరీక్షిస్తే చెప్పుకోదగ్గ ప్రభావమే మిగలలేదు. మేం మెచ్చుకున్నది తొక్కలోని ఔషధాన్ని కాదు, ఆమ్లాన్ని.

మూడోది కొంచెం సూక్ష్మమైనది, నాకు అన్నిటికంటే ఆసక్తికరమైనది కూడా. పోర్ఫిరోమోనాస్ చక్కెరల మీద బతకదు, ప్రోటీన్ ముక్కలనూ హీమిన్‌నూ ఆహారంగా తీసుకుంటుంది. టానిన్ల వంటి పాలీఫినాల్స్ ఇనుమును పట్టుకుంటాయి, ప్రోటీన్లను గడ్డకట్టిస్తాయి. అప్పుడు బ్రాత్‌లో బాక్టీరియా పెరగకపోవడానికి కారణం మందు దెబ్బ కావచ్చు, పస్తులుండటమూ కావచ్చు. తేల్చుకోవడానికి అదే పరీక్షను హీమిన్ పరిమాణం నాలుగైదు రెట్లు పెంచి మళ్ళీ చేయండి. ఎంఐసీ ఒక్కసారిగా పెరిగితే, ఇనుమును పట్టుకోవడమే అసలు కారణమన్న అనుమానం బలపడుతుంది. అది కూడా మంచి ఫలితమే. కాకపోతే చిగురులోపల రక్తం కారుతూ హీమ్ పుష్కలంగా ఉండే చోట అది నిలుస్తుందా అన్న ప్రశ్నకు మీరు సమాధానం చెప్పవలసి ఉంటుంది. సీరమ్ (రక్తంలోని ద్రవభాగం) కలిపి ఒకసారి పరీక్షించమని నేను చెప్పేది కూడా ఇందుకే. సీరమ్ ప్రోటీన్ల సమక్షంలో క్లోర్‌హెక్సిడిన్ బలం కూడా తగ్గుతుంది.

ఎంబీసీ దగ్గరకు వస్తే, మొదట పెట్టిన కణాల్లో 99.9 శాతం చచ్చిన కనిష్ఠ గాఢత అని దాని నిర్వచనం. ఇక్కడ తటస్థీకరణ లేకుండా చేసిన పరీక్ష చెల్లదు. గుంత నుంచి చుక్క తీసి అగార్ మీద వేస్తే, బాక్టీరియాతో పాటు క్లోర్‌హెక్సిడిన్ కూడా అక్కడికి చేరి, బతికి ఉన్న కణాలను పెరగనివ్వదు. నా తొలి రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. చుక్క పడిన చోట నడిమి భాగమంతా బోసిగా ఉండి, అంచున మాత్రం నాలుగైదు కాలనీలు గిరిగీసినట్టు పెరిగాయి. దానిని ‘దాదాపు పూర్తి సంహారం’ అని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. నిజానికి మందు పలుచగా ఉన్న అంచున బతికిన కణాలు పెరిగాయి, నడుమనున్నవి మందు కింద నోరుమూసుకున్నాయి, అంతే. లెసిథిన్, పాలీసోర్బేట్ 80 ఉన్న తటస్థీకరణ ద్రవంలో ముందు కలిపి, ఆ తర్వాత పలుచన చేసి లెక్కించాలి. ఆ ద్రవం బాక్టీరియాకు హాని చేయడం లేదనీ, మందును నిజంగా ఆపుతోందనీ వేర్వేరు నియంత్రణలతో చూపాలి. మీ సారాన్ని ఏది తటస్థం చేస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, వడపోసి కడిగే పద్ధతిగానీ, కణాలు మిగిలేంతవరకు బాగా పలుచన చేసే పద్ధతిగానీ ఎంచుకోండి.

ఎంఐసీ 48 గంటల స్పర్శలో వచ్చే సంఖ్య. పుక్కిలింత అర నిమిషం నుంచి ఒక నిమిషం ఉంటుంది. అందువల్ల 30 సెకన్లు, 1 నిమిషం, 5 నిమిషాలు, 1 గంట వద్ద ఎన్ని కణాలు బతికాయో లెక్కించే టైమ్-కిల్ పరీక్ష మీ సందర్భంలో ఎంఐసీ కంటే ఎక్కువ విలువైనది. క్లోర్‌హెక్సిడిన్ అసలు గొప్పదనం కూడా ఏ ప్లేటులోనూ కనిపించదు. అది పంటికీ నోటి లోపలి పొరకూ అంటుకొని, గంటల తరబడి కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. చిగురుకూ పంటికీ మధ్య ఏర్పడే లోతైన పాకెట్ సంగతి వేరు. పుక్కిలించిన ద్రవం అందులోకి దాదాపుగా వెళ్ళదు, వెళ్ళేలా చేసినా 5 మిల్లీమీటర్ల పాకెట్‌లోని చిగురు ద్రవం గంటకు సుమారు 40 సార్లు మారుతుందని అంచనా. అక్కడ పనిచేయాలంటే అంటుకునే గుణంగానీ, నెమ్మదిగా విడుదలయ్యే జెల్ లేదా చిప్ వంటి రూపంగానీ ఉండాలి.

తర్వాత బయోఫిల్మ్. పాకెట్‌లో బాక్టీరియా విడివిడిగా తేలుతూ ఉండదు, ఒకదానికొకటి అతుక్కొని పాచిగా ఉంటుంది. ఆ స్థితిలో దానిని చంపడానికి విడి కణాల ఎంఐసీకి వందల రెట్లు కావలసి రావచ్చు. లాలాజలంతో పూత వేసిన హైడ్రాక్సీఅపటైట్ (పంటిలోని ఖనిజం) బిళ్ళల మీద స్ట్రెప్టోకాకస్ గోర్డోనీ, ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటమ్, పోర్ఫిరోమోనాస్ మూడింటితో పాచిని పెంచితే మీ స్థాయి పనికి సరిపోతుంది. మొదటిది పంటికి అంటుకుంటుంది, రెండోది వంతెనలా నిలుస్తుంది, మూడోది దాని మీదకు చేరుతుంది. సోక్రాన్‌స్కీ బృందం 1998లో ‘ఎర్ర సమూహం’ అని పేరు పెట్టిన మూడు చిగుళ్ళ వ్యాధి బాక్టీరియాల్లో పోర్ఫిరోమోనాస్ కాక మిగతా రెండు, టానెరెల్లా ఫోర్సైథియా, ట్రెపోనీమా డెంటికోలా. వాటిని పెంచడం మరీ కష్టం. టానెరెల్లాకు ఎన్-ఎసిటైల్‌మురామిక్ ఆమ్లం అందించాలి, ట్రెపోనీమా స్పైరోకీట్. గడువు దగ్గరపడిన థీసిస్‌లో వాటి జోలికి పోవద్దు.

బయోఫిల్మ్‌ను క్రిస్టల్ వయొలెట్‌తో కొలిచి ఊరుకోకండి, అది చచ్చిన కణాలకూ జిగురుకూ కూడా రంగు వేస్తుంది. పీసీఆర్ లెక్క కూడా చచ్చిన కణాల డీఎన్‌ఏను కలుపుకొంటుంది. చచ్చిన కణాల డీఎన్‌ఏను లెక్కలోకి రానివ్వని ప్రొపీడియం మోనోఅజైడ్ వాడితే ఆ లోపం చాలావరకు తగ్గుతుంది. నేను మాత్రం ఎంత శ్రమైనా కాలనీల లెక్కనే ప్రధానంగా నమ్ముతాను.

స్ట్రెయిన్ల విషయంలో ఒకే ఒక్కదానితో సరిపెట్టుకోవద్దు. అందరూ వాడే ఏటీసీసీ 33277కు క్యాప్సూల్ (కణం చుట్టూ ఉండే తొడుగు) లేదు, డబ్ల్యూ83కి ఉంది. ఈ రెండూ పెట్టి, వీలైతే రోగుల నుంచి తీసిన స్ట్రెయిన్లు కొన్ని కలపండి. అగ్రిగాటిబాక్టర్‌ను కూడా చేర్చండి. మెట్రోనిడజోల్ ఒక్కటే దాని మీద అంతగా పనిచేయదు, అమోక్సిసిలిన్‌తో జతగా వాడటానికి ఉన్న కారణాల్లో అదొకటి. మీ సారాన్ని ఏదైనా మందుతో జతచేసి చూడాలనుకుంటే రెండింటినీ వేర్వేరు గాఢతల్లో కలిపి చూసే చెకర్‌బోర్డ్ పరీక్షలో, జతలో ఎంఐసీ ఎంత తగ్గిందో చెప్పే ఎఫ్‌ఐసీ సూచిక 0.5 లేదా అంతకంటే తక్కువైతేనే పరస్పర సహకారం అనాలి. ఒక మంచి నోటి స్ట్రెప్టోకాకస్‌ను, చిగురు ఫైబ్రోబ్లాస్ట్ కణాలను కూడా అదే గాఢతల్లో పరీక్షించండి. బాక్టీరియాను చంపే గాఢతలో చిగురు కణాలు కూడా చస్తుంటే ఆ సారం వల్ల ఉపయోగం లేదు.

ఇవన్నీ చేశాక కూడా మీ సారానికి ‘సున్నితం’, ‘నిరోధకం’ అన్న మాటలు వాడకండి. ఆ మాటలకు నిర్ణీత బ్రేక్‌పాయింట్లు, అంటే ఎంఐసీ ఎంతవరకు ఉంటే మందు పనిచేస్తుందో చెప్పే హద్దులు, కావాలి, సారాలకు అవి లేవు. ఎంఐసీ ఎంతో, ఏ మాధ్యమంలోనో, ఎన్ని గంటలకో రాసి వదిలేయండి. చికిత్స గురించిన వాక్యం కూడా అదుపులో ఉండాలి. పాచినీ గారనూ యాంత్రికంగా తొలగించడమే చిగుళ్ళ వ్యాధికి మూలచికిత్స, మందులు దానికి తోడు మాత్రమే. 2020 నాటి యూరోపియన్ మార్గదర్శకాలు కూడా యాంటీబయాటిక్ మాత్రలను అందరికీ మామూలుగా ఇవ్వవద్దనే అంటాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఫలితం మాట. గడువు దృష్ట్యా దానిని తీసేయలేకపోతే, ‘ఈ పరిస్థితుల్లో సారం అగార్‌లో వ్యాపించి పెరుగుదలను నిరోధించింది, వ్యాప్తి, గాఢత వేర్వేరు కనుక క్లోర్‌హెక్సిడిన్‌తో పోల్చలేదు’ అని ప్రాథమిక పరిశీలనగా రాసుకోవచ్చు. అయితే ఆ వాక్యంలో బాక్టీరియా పేరు రాసే హక్కు మీకు ఉందో లేదో ముందు తేలాలి. ప్లేట్లను ఇంకా పారేయకపోతే ఈరోజే వలయం అంచు నుంచి ఒక కాలనీ తీసి గ్రామ్ స్టెయిన్ చేయండి, అదే కాలనీని ఒక రక్తపు అగార్ మీద మామూలు గాలిలో పెట్టండి. స్లైడ్ మీద ఎర్రటి పొట్టి కడ్డీలు కనిపించి, గాలిలో పెట్టిన ప్లేటు రెండు రోజులైనా ఖాళీగా ఉంటే ఎంఐసీ పనికి దిగండి. ఊదారంగు గుత్తులు కనిపిస్తే మాత్రం కల్చర్ సేకరణ కేంద్రం నుంచి కొత్త స్ట్రెయిన్ తెప్పించుకొని మొదటి నుంచి మొదలుపెట్టవలసిందే.